పారాచూట్ తాడు బావగారు

మొన్న నల్లజర్ల నుంచి తాడేపల్లిగూడెం వస్తున్న బస్సులో నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. చేతికి గాజుల్లేవు, వాచీ లేదు. మణికట్టు చుట్టూ నల్లటి తాడుతో అల్లిన పట్టీ ఒకటి ఉంది. ఎక్కడ కొన్నావమ్మా అని అడిగాను. ఆన్‌లైన్‌లో తెప్పించుకుందట. పారాచూట్ తాడుతో అల్లిందట. "ఊరికే అందానికి కాదండీ ఆంటీ. ఎక్కడైనా ఆపదలో చిక్కుకుంటే విప్పి వాడుకోవచ్చు," అంది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని కిటికీ వైపు తిరిగింది. పాపం, తన తప్పేమీ లేదు. ఆ మాట అంతకుముందు నేను ఒకే ఒక్క మనిషి నోట విన్నాను. విని విని నా ప్రాణం విసిగిపోయింది. ఆ మనిషి మా బావగారు. పోయి చాలా ఏళ్లయింది.

మా అక్క భర్త ఆయన. ఏలూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. సైన్యంలో పనిచేయలేదు, కొండెక్కలేదు, విమానం ఎక్కలేదు. ఆ మాటకొస్తే స్టూలెక్కి బల్బు కూడా మార్చలేదు. బల్బు అక్కే మార్చేది. భారీ మనిషి. ఆయన ఎక్కితే రిక్షా అతను ఒకసారి వెనక్కి తిరిగి చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని అప్పుడు తొక్కేవాడు. డిసెంబరు వచ్చిందంటే మంచు పడుతుందని పొద్దెక్కేదాకా గుమ్మం దాటేవారు కాదు. కుక్కంటే భయం, ఎత్తంటే భయం, అన్నిటికన్నా నీళ్లంటే భయం. పెళ్లికి ముందు కాలవలో బాప్తిస్మం ఇస్తామంటే గట్టు మీదే కూలబడి లేవలేదట. ఆఖరికి చర్చి తొట్టిలో, మోకాలి లోతు నీళ్లలో, పాస్టరుగారి నడుం పట్టుకుని తీసుకున్నారట. అలాంటి మనిషి అడవుల్లో, కొండల్లో, సముద్రాల మీద తిరిగేవాళ్లకి పనికొచ్చే సరంజామా తయారుచేసేవారు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఎవరిదో పెళ్లికని సికింద్రాబాదు వెళ్లినప్పుడు మిలటరీ పాత సామాను అమ్మే కొట్లో ఒక తాడు చుట్ట చూశారు. ఆకుపచ్చ రంగు, చిటికెన వేలంత లావు కూడా లేదు. పారాచూట్‌కి మనిషిని వేలాడదీసే తాడు ఇదేనని కొట్టువాడు చెప్పాడట. అంతే, పెళ్లి భోజనం కూడా సరిగ్గా చెయ్యకుండా ఆ చుట్ట సంకలో పెట్టుకుని రైలెక్కేశారు. అప్పుడు ఏలూరులో వీధికొక నెట్ సెంటరు వెలుస్తున్న రోజులు. కుర్రకారు పరీక్షల ఫలితాలు చూసుకోవడానికీ చాటింగులకీ అక్కడ పడిగాపులు పడేవాళ్లు. వాళ్ల మధ్య ఈయన, ఆఫీసు నుంచి తిన్నగా వచ్చి, ముడుల బొమ్మలు ప్రింటు తీయించుకుంటూ కూర్చునేవారు. ఇక మొదలైంది. బెల్టు, మణికట్టు పట్టీ, తాళంచెవుల గొలుసు, నీళ్లసీసా తగిలించుకునే సంచి, టార్చిలైటు మెడలో వేసుకునే తాడు. వేటకత్తి పిడికి చుట్టే అల్లిక ఒకటి నేర్చుకున్నారు గానీ ఇంట్లో వేటకత్తి లేదు. అందుకని అక్క ఉల్లిపాయలు తరిగే చాకు పిడికి చుట్టేశారు. అది తడిస్తే ఆరేది కాదు. వారం తిరిగేసరికి చాకు ముక్కిపోయిన వాసన కొట్టింది.

ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు తాడు వచ్చేది. చిన్న ముక్క కోసి, పై తొడుగు వెనక్కి లాగి, లోపలున్న ఏడు పోగుల్నీ విడదీసి ఒక్కొక్కటే చూపించేవారు. ఇది చేపలు పట్టుకోవడానికండీ, ఇది గాయం కుట్టుకోవడానికండీ, ఇది కుందేలుకి ఉచ్చు వేసుకోవడానికండీ. వింటున్నది పాలు పోసే ఆయన. గిన్నె కోసం చూస్తూ మర్యాదకి తలూపేవాడు. కొల్లేరు నుంచి వచ్చిన చుట్టాలకి కూడా ఇదే పాఠం. నడక రాకముందే వల పట్టుకున్నవాళ్లకి ఒక పోగు చూపించి, చేపలు పట్టే పద్ధతి ఇదీ అని చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మీరే ఆలోచించండి.

తాడు కోసిన చోట పోగులు విడిపోకుండా కొసని లైటరుతో కాల్చి, కరిగింది కరిగినట్టే బొటనవేలితో నొక్కేయాలి. ఆయన బొటనవేలు అలా కాలి కాలి నల్లగా, గట్టిగా తయారైంది. దాన్ని యుద్ధంలో తగిలిన గాయంలా అందరికీ చూపించుకునేవారు. ఇల్లంతా ఎప్పుడూ కాలిన ప్లాస్టిక్ కంపు. జేబులో లైటరు చూసి, ఈయన సిగరెట్లు మొదలెట్టారని చర్చిలో ఎవరో పుకారు లేవదీశారు. పాస్టరుగారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, ఈ వ్యసనం నుంచి విడిపించమని చాలాసేపు ప్రార్థన చేశారు. అందరి కళ్లూ మూసి ఉన్నాయి, ఈయనవి తప్ప. ప్రార్థన ముగిసేసరికి పాస్టరుగారికి ఇవ్వడానికి తాళంచెవుల గొలుసు ఒకటి తయారైపోయింది. ఆయన్ని నిజంగా ఏ వ్యసనం నుంచి విడిపించమని అడగాలో ఎవరికీ తెలియలేదు.

మా వైపు ఆరుబయట తిరగనివాళ్లు ఎవరండీ? చేలో నడుం వంచేవాళ్లూ, చేపల చెరువు గట్టు మీద ఎండా వానా కాపలా కాసేవాళ్లూ, జంగారెడ్డిగూడెంలో పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర వేగిపోయేవాళ్లూ, వీళ్లందరికీ కావలసింది ఒక గంట నీడలో కూర్చోవడం. బయటికి పోవడానికి ప్రత్యేకంగా సామాను కావాలన్న ఆలోచన ఫ్యాను కింద కూర్చునేవాళ్లకే వస్తుంది. అయినా ఆయన పంచిపెట్టడం మానలేదు. పెళ్లికొడుక్కి బెల్టు, గృహప్రవేశానికి టార్చి తాడు, ఆఖరికి చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేయించడానికి తెచ్చిన పసిబిడ్డకి మణికట్టు పట్టీ. కొలతకి టేపు వాడేవారు కాదు. అడక్కుండానే మన చెయ్యి పట్టుకుని తాడు చుట్టి చూసుకునేవారు. ఆయన కొలత తీసుకోని చెయ్యి మా చుట్టాల్లో లేదు.

ఉండిలో మా చినాన్న ఒకాయన ఉన్నారు, చేపల చెరువుల మనిషి. భుజానికి తగిలించుకునే పట్టీ ఒకటి బావగారు ఆయనకి అల్లి ఇచ్చారు. నెలలపాటు కష్టపడి, రెండు రంగులు కలిపి అల్లిన అల్లిక. తర్వాతెప్పుడో మేమందరం వాళ్లింటికి వెళ్తే పాకలో దూడ మెడకి అది కట్టి ఉంది. బావగారి మొహం చూడాలి.

"ఏవండీ చినమావయ్యగారూ, అది గొడ్డుకి కట్టేదాండీ?" అన్నారు.

"బ్రహ్మాండంగా ఉందండీ బాబూ. ఇంతకుముందు ఏ పలుపు వేసినా తెంపేసుకునేది. దీన్ని మటుకు తెంపలేకపోతంది," అన్నారు చినాన్న మనస్ఫూర్తిగా. బావగారు అల్లిన వాటిలో నిజంగా ఒకరికి పనికొచ్చింది అదొక్కటే. ఆ సంతోషం కూడా దక్కించుకోలేకపోయారు ఈయన.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసే సంగతులే. నాకు ఒళ్లు మండేది వేరే చోట. అక్క స్కూల్లో పాఠాలు చెప్పి, బస్సులో నిలబడి ఇంటికొచ్చి, వంట చేసి, బట్టలుతికి, పిల్లల చేత హోంవర్కు చేయించేది. ఈయన వరండాలో అల్లుకుంటూ కూర్చునేవారు. రెండు స్తంభాల మధ్య ఊగే పడక ఒకటి అల్లి కట్టారు. ఎత్తు మీద భయం కాబట్టి అందులో ఆయన పడుకోలేదు. అక్క దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకునేది. ఒకసారి అక్కకి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టింది. తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చాను. వచ్చి చూద్దును కదా, అక్క మంచం పక్కన థర్మామీటరు వేలాడుతోంది, చక్కటి ఆకుపచ్చ తాడుకి. ఆ తాడు అల్లడానికి పొద్దుటి నుంచి కూర్చున్నారట. గంజి కాచింది నేనే.

ఆ రోజు ఊరుకోలేక అడిగేశాను. "బావగారూ, ఆపదలో విప్పుకోవచ్చంటారు కదా. ఇన్ని అల్లారు, ఎప్పుడైనా ఒక్కటి విప్పారా?"

"ఆపద రాలేదు కదమ్మా," అన్నారు ఎంతో శాంతంగా. పక్కన పెళ్లాం నూటమూడు జ్వరంతో మూలుగుతోంది. ఇంకేమనను?

ఆయనకి అణిగిమణిగి ఉండడం అక్కకి ఎవరు నేర్పారో నాకు తెలియదు. మమ్మల్ని పెంచిన మనిషి మాత్రం నేర్పలేదు. చిన్నప్పుడే అమ్మ పోతే మమ్మల్నిద్దర్నీ మా మేనత్త పెంచింది. కొల్లేటి మధ్య ఒక లంక గ్రామంలో ఆవిడ బైబిలు బోధించే స్త్రీగా పనిచేసేది. పెళ్లి చేసుకోలేదు. ఆ ఊళ్లో ఇప్పుడు సంతకం పెట్టగలిగిన ప్రతి మనిషికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఎండుపుల్లలాంటి సన్నటి మనిషి. అరిస్తే మాత్రం అవతలి గట్టు మీదున్నవాళ్లు కూడా పలక తీసేవాళ్లు. ఊళ్లో మగవాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా ఆవిడ కూర్చునే చాప దాటి నడిచేవాళ్లు కాదు, చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. ఆవిడకి బావగారంటే పెద్ద గౌరవమేమీ లేదు. ఒకసారి భోజనం దగ్గర, "అల్లుడుగారూ, అన్నం తినేటప్పుడైనా ఆ తాడు కింద పెట్టండి," అని అందరి ముందూ అంది. ఈయన మాత్రం ఆవిడ ఎదుట కుర్చీలో కూర్చునేవారు కాదు. అత్తయ్యగారు అని తప్ప పిలిచేవారు కాదు.

అత్తకి చావంటే భయం లేదు. ఒకే ఒక్క భయం ఉండేది. ఆవిడ వయసులో ఉండగా కొల్లేరు పొంగిన ఏడాది, సమాధుల తోటలోకి నీళ్లొచ్చి, అంతకుముందు వారమే పూడ్చిన పెట్టె ఒకటి పైకి తేలిపోయిందట. గుర్రపుడెక్కలో చిక్కుకుని రెండు రోజులు నీళ్ల మీదే ఉందట. అది ఆవిడ కళ్లారా చూసింది. అప్పట్నుంచి ముసురు పట్టినప్పుడల్లా మాతో ఒకటే మాట. "నన్ను మటుకు నీళ్ల మీద వదిలెయ్యకండర్రా. మట్టిలో పెట్టండి. మట్టిలో ఉంచండి." అక్క ప్రతిసారీ సరేనని మాట ఇచ్చేది.

సరిగ్గా అలాంటి వానాకాలంలోనే అత్త పోయింది. ఎగువ నుంచి ఏరులన్నీ ఒకేసారి వచ్చి కొల్లేట్లో పడ్డాయి. లంకకి వెళ్లే రోడ్డు మునిగిపోయింది. తెల్లారేసరికి అక్కడి పాస్టరుగారు ఫోను చేశారు. సమాధుల తోట దిబ్బ మీద ఉంది కాబట్టి ఇంకా మునగలేదు, కానీ నీళ్లు పెరుగుతున్నాయి, చీకటి పడేలోపు దించెయ్యాలి, ఆలస్యం చేస్తే జాగా ఉండదు అన్నారు. సెలవుల్లో నేనూ ఏలూరులోనే ఉన్నాను. అక్క ఏడవలేదు. చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. అత్తకి ఇచ్చిన మాట ఉంది, మట్టిలో పెట్టేదాకా నేనక్కడ ఉండాలి అంది. అంతే.

బయలుదేరడానికి ఆటో వచ్చి నిలబడినా బావగారు బయటికి రారు. లోపల సంచి సర్దుతున్నారు. ఆయన జీవితమంతా ఎదురుచూసిన రోజు మరి, వరద మధ్యకి ప్రయాణం. అల్లినవన్నీ ఒక్కొక్కటే తీసి, దులిపి, సంచిలో పెట్టుకుంటున్నారు. అక్క రెండుసార్లు పిలిచింది. నేను లోపలికెళ్లి సంచి లాక్కొచ్చి ఆటోలో పడేశాను. నీటి అంచు దాకా ఆటో, అక్కడి నుంచి పడవ. పడవ చూడగానే ఆయన మొహం పాలిపోయింది. అంత పెద్ద మనిషీ పడవ మధ్యలో పలక మీద ముడుచుకుని కూర్చుని, నీళ్లసీసా సంచికున్న పట్టీ తీసి, తన నడుముకీ పడవకీ కలిపి కట్టుకున్నారు. అక్కకి కూడా కట్టబోయారు. పడవ మునిగితే దానితోపాటు మీరూ అడుక్కే పోతారు కదండీ అన్నాను. కాసేపు ఆలోచించి విప్పుకున్నారు. మమ్మల్ని దించిన పడవ వెంటనే ఇంకెవరినో తేవడానికి వెనక్కి వెళ్లిపోయింది.

అత్తని చర్చిలో పెట్టారు. మామిడి చెక్క పెట్టె, తేలికది. ఆవిడ అందులో సగమే ఉంది. అక్క కాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత అందరం పాట పాడుతూ వెనకాల దిబ్బకి నడిచాం. గొయ్యి పొద్దున్నే తవ్వి ఉంచారు. బకెట్లతో నీళ్లు తోడుతూనే ఉన్నారు, అయినా అడుగు నుంచి ఊరి ఊరి మనిషి మెడ లోతు నీళ్లు నిలిచాయి. పెట్టెని చేతులతోనే దించారు. దించి వదలగానే అది మెల్లగా పైకి వచ్చి నీళ్ల మీద తేలింది.

పాట ఆగిపోయింది. నలుగురు వెదురు కర్రలతో నొక్కారు. తలవైపు నొక్కితే కాళ్లవైపు లేస్తోంది. చేపల మేత సంచుల్లో మట్టి నింపి పైన పెట్టబోతే పెట్టె ఒక పక్కకి ఒరిగి బస్తా జారి నీళ్లలో పడిపోతోంది. ఎవరో ఒకరు దిగి పెట్టె మీద నిలబడితే బస్తాలు సర్దొచ్చునని ఒక కుర్రాడు అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆ చుట్టూ నిలబడ్డవాళ్లంతా ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లే. సంఘ పెద్ద ఒకాయన, "ఆవిడ మీద కాలు పెట్టేవోడు ఈ ఊళ్లో లేడండీ. తాడు తెచ్చి అటూ ఇటూ మేకులకి కట్టి లాగుదాం," అన్నారు. తాళ్లన్నీ చెరువు గట్ల మీద ఉన్నాయి. చేపలు కొట్టుకుపోకుండా వలలు కట్టడానికి ఊళ్లో ఉన్న తాడంతా పట్టుకెళ్లిపోయారు. ఒకతను తెస్తానని పరుగు తీశాడు.

"ఆగండి," అన్నారు బావగారు. "తాడు నా దగ్గరుంది."

అంత గట్టిగా ఆయన మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. పారాచూట్ తాడండీ, రెండు వందల కేజీల పైనే మోస్తదండీ అన్నారు. పరిగెత్తేవాణ్ణి వెనక్కి పిలిచేశారు. ఊరంతా పక్కకి జరిగి ఆయనకి దారిచ్చింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని సంచి తెరిచారు. బెల్టులు, పట్టీలు, గొలుసులు. ఒక్క బార తాడు లేదు. ఇంట్లో ఉన్న తాడంతా అల్లేశారు కదా, ఇక తాడెక్కడుంటుంది?

విప్పడం మొదలెట్టారు. కొసలన్నీ కాల్చి రాయిలా బిగించేసినవి. గోళ్లతో పీకారు, రాలేదు. పళ్లతో కొరికారు. పక్కనున్నతను కొడవలి ఇచ్చి కోసెయ్యమన్నాడు. "కొయ్యకండి, ముక్కలైపోద్ది," అని సంచి గుండెకి హత్తుకున్నారు. ఎలాగో ఒక బెల్టు విడింది. మెలికలు మెలికలుగా వచ్చిన ఆ సన్నటి తాడుని పెట్టె మీదుగా వేసి ఇద్దరు లాగారు. వాళ్ల అరచేతులు కోసుకుపోయాయి. తాడు రబ్బరులా సాగింది. పెట్టె జానెడు దిగి, మళ్లీ లేచి, తాడు ఒక పక్కకి జారగానే తలవైపు పైకెత్తుకుని నిలబడింది. అక్క నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. అలాంటి శబ్దం అక్క నోట నేను మళ్లీ వినలేదు. కొల్లేటి వైపు నుంచి నీళ్లు దిబ్బ అంచు ఎక్కుతున్నాయి. మబ్బు కమ్ముకొస్తోంది. గట్టుకి వెళ్లాల్సినవాడు వెళ్లి ఉంటే ఈపాటికి తిరిగి వచ్చేవాడు.

నేను ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను. నా గొంతులో ఉన్న విషమంతా కలిపి అన్నాను. "విప్పండి బావగారూ. ఆపద వచ్చింది."

ఆయన తలెత్తి నన్ను చూశారు. పెదవి చిట్లి నెత్తురొస్తోంది. చేతిలో ఉన్న పట్టీ కింద పెట్టేశారు. లేచి గొయ్యి దగ్గరికి నడిచారు. చెప్పులు విప్పారు. రెండు చేతులూ జోడించారు.

"అత్తయ్యగారూ, కాలు పెడుతున్నానండీ. ఏమీ అనుకోకండి," అన్నారు.

అంచు మీద కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, నీళ్లలోకి జారారు. ముందు ఒక కాలు, తర్వాత రెండోది. ఆయన బరువుకి పెట్టె తలవైపూ కాళ్లవైపూ సమంగా కిందికి దిగి, అడుగున ఆనింది. మళ్లీ లేవలేదు. నీళ్లు ఆయన చంకల దాకా వచ్చాయి. పళ్లు కొట్టుకుంటున్నాయి, కళ్లు మాత్రం తెరవలేదు. పాస్టరుగారు ఆగిపోయిన చోటి నుంచి వాక్యం మళ్లీ అందుకున్నారు. మట్టి బస్తాలు అందించేవాళ్ల వరుసలోకి అక్క తనే వెళ్లి నిలబడింది.

"కదలకండి. ఇంకా బస్తాలు రావాలి," అంది ఆయనతో. ఆ గొంతు అచ్చం అత్త గొంతే.

ఆయన కదల్లేదు. తలవైపు, కాళ్లవైపు, తర్వాత ఆయన పాదాల చుట్టూ బస్తాలు పేర్చుకుంటూ వచ్చారు. పెట్టె ఇక లేవదని రూఢి అయ్యాక నలుగురు చేతులిచ్చి పైకి లాగారు. చీకటి పడకముందే మట్టి కప్పేశారు. నీళ్లు తీశాక అక్క వెళ్లి చూసి వచ్చింది. అత్త పెట్టినచోటే ఉంది.

ఆ తర్వాత ఆయన తాడు మానేశారని మీరనుకుంటే మా బావగారు మీకు అర్థం కానట్టే. సంచి లంకలోనే వదిలేసి వచ్చారు గనక కొత్త చుట్ట తెప్పించారు. నేనూ వెక్కిరించడం మానలేదు. మానేంత గొప్ప మార్పేమీ నాకు ఆయనలో కనిపించలేదు. బల్బులు అక్కే మార్చేది.

కొన్నాళ్లకి ఏలూరు చర్చిలో అత్త జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. సాక్ష్యం చెప్పడానికి బావగారు లేచారు. వరద, పడవ, నీళ్లలో తేలిన పెట్టె, అంతా వివరంగా చెప్పుకొచ్చారు. అప్పుడు నా దగ్గరున్న పారాచూట్ తాడు విప్పి ఇచ్చానండీ, అది పట్టుకుని ఆపిందండీ, దేవునికి స్తోత్రం అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. దేవుడి మందిరంలో, మైకు పట్టుకుని, పోయిన మనిషి పేరు మీద పచ్చి అబద్ధం. ఈయన తాడు గొప్పలకి ఇక హద్దే లేదా అనుకున్నాను. అక్క వైపు చూశాను. అక్క తల వంచుకుని పాటల పుస్తకం తిరగేస్తోంది.

కూడిక అయ్యాక టీ ఇస్తుంటే, మా అత్తతో కలిసి పనిచేసిన పెద్దావిడ ఒకరు నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా. అంత సన్నటి తాడు నిజంగా ఆపిందా?" అని అడిగారు.

బావగారు పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. నావైపు చూశారు. గొప్పలు చెప్పుకునే మనిషి చూపు కాదది. తప్పు చేసి దొరికిపోయిన మనిషి చూపు. అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఆయన దాచింది తాడు ఓడిపోయిన సంగతి కాదు. అత్తయ్యగారి మీద కాలు పెట్టిన సంగతి.

"అవునండీ. తాడే ఆపింది," అన్నాను.

ఆవిడ సంతోషంగా ముందుకు వెళ్లిపోయారు. బావగారు అక్కడే ఉన్నారు. గ్లాసులోకి చూస్తూ, ఎవరికీ వినపడకుండా నన్ను అడిగారు.

"అత్తయ్యగారికి బరువైపోయానేమో కదమ్మా?"

"లేదు బావగారూ," అన్నాను.